తెర మీద ఆయన చెయ్యి

షేరింగ్ అన్న మాట ఎక్కడా లేదు. సత్యశ్రీ మళ్ళీ మొదటినుంచి చదివింది, బియ్యంలో రాళ్ళు ఏరేటప్పటిలాగా ఒక్కో వరస మీదా వేలు పెట్టి, వైఫై, నెట్‌వర్క్, బ్లూటూత్, డిస్‌ప్లేస్, సౌండ్, పవర్, ఇంకా కిందికి, ప్రింటర్స్, కీబోర్డ్, ప్రైవసీ, అక్కర్లేనివన్నీ ఉన్నాయి, కావలసింది ఒక్కటే లేదు. సెట్టింగ్స్ తెరిస్తే ఎడమపక్క షేరింగ్ అని ఉంటుంది, అది నొక్కితే రిమోట్ డెస్క్‌టాప్ అని వస్తుంది, పక్కనున్న మీట ఇటునుంచి అటు జరుపు చాలు, తక్కింది ఇక్కడ ఆసుపత్రి మంచం మీదనుంచి ల్యాప్‌టాప్‌లో నేను చూసుకుంటాను, అని ఆయన రాసిచ్చారు. నిన్న పొద్దున్న విశాఖలో బస్సెక్కినప్పుడు ఇదెంత పని అనుకుంది. మీట జరిపేసి తిరుగు బస్సులో వెళ్ళిపోవచ్చు, ఆపరేషన్ ఎల్లుండి కదా, ఈలోపు ఆయన పక్కన కూర్చోవచ్చు అనుకుంది. నిన్నంతా వెతికినా మీట దొరకలేదు. పొద్దున్నే ఎవరినైనా అడిగి చేయించి బయల్దేరదామనుకుంటే, ఎల్లుండి అన్నది కాస్తా ఫోనులో ఇవాళే అయి కూర్చుంది. ముందు వరసలో ఉన్నాయనకి జ్వరం తగిలిందట వదినా, ఆ ఖాళీలో అన్నయ్యని పెట్టేశారు, మధ్యాహ్నం భోజనాలయ్యాక తీసుకెళ్తారట, అన్నాడు మరిది వీరబాబు. ఆసుపత్రిలో అన్నగారిని కనిపెట్టుకుని ఉన్నది అతనే. మండపేటనుంచి విశాఖకి రెక్కలు కట్టుకుని ఎగిరినా ఆ వేళకి అందదు. అది మామూలు ఆపరేషన్ కూడా కాదు. గొంతులో మాట పుట్టే చోటు మొత్తం తీసేస్తారు. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. ఆ మాట పోయేలోపు ఒక్కసారి తన కంప్యూటర్‌లోకి వెళ్ళాలన్నది ఆయన కోరిక. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టు ఈ పేజీ అడ్డంగా కూర్చుంది.

ఎందుకు వెళ్ళాలో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. అడిగితే ఆ ఆశ చెదిరిపోతుందేమోనని భయం. లోపల తన కోసం ఏదో ఉంది. ఉండాలి. ఎండాకాలంలో గొంతు బొంగురుపోవడం మొదలైనప్పటినుంచీ ఆయన సాయంత్రాలు ఈ గదిలోకి వచ్చి లోపల గడియ పెట్టుకునేవారు. ఏ కొట్టువాళ్ళూ ప్రకటన చదివే పని ఇవ్వని రోజుల్లో కూడా. బయట వంటింట్లో ఆమెకు కుర్చీ కిర్రుమనడం ఒక్కటే వినిపించేది. గోడలకు వేలాడేసిన బొంతలు మాటల్ని బయటికి రానిచ్చేవి కావు, రికార్డింగు కోసం అందుకేగా వాటిని వేలాడేసింది. అత్తగారి పాత చీరలతో కుట్టిన బొంతలు, అవి ఇప్పటికీ కర్పూరం వాసన వేస్తాయి. ఎండాకాలంలో కూడా ఫ్యాను ఆపేసి, ఆ బొంతల మధ్య చొక్కా విప్పుకుని, చెమటలు కారుతూ ఎవరితో మాట్లాడేవారు? మనిషికి గొంతు పోబోతోందని తెలిస్తే ఏం చేస్తాడు? కట్టుకున్నదాని కోసం నాలుగు మాటలు దాచి పెట్టడా? పెట్టి ఉంటారు. తలుపు దాటి ఎదురుగా చెప్పలేనివి ఇందులో చెప్పి ఉంటారు, లోపలికి తీసుకెళ్ళే ముందు అది ఎక్కడుందో చూపించి వెళతారు. ఈ ఊహ ఎంత చిన్నపిల్ల ఊహో ఆమెకు తెలియకపోలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక ఇలా ఎదురు చూడటానికి సిగ్గు కూడా వేసింది. సిగ్గుపడుతూనే మళ్ళీ వైఫై దగ్గర మొదలుపెట్టింది.

మండపేటలో గున్నేశ్వరరావు మొహం ఎరగనివాళ్ళు ఉన్నారు గానీ ఆ గొంతు ఎరగనివాళ్ళు లేరు. పురప్రజలకు విజ్ఞప్తి అని ఆటో మీద మైకు మొదలవగానే రైసుమిల్లుల ముందు బస్తాలు మోసేవాళ్ళు సైతం ఓ చెవి అటు పడేసేవారు. రేపు మంచినీళ్ళు రావు, పశువుల ఆసుపత్రిలో టీకాలు వేస్తారు, బట్టల కొట్లో ఆషాఢం తగ్గింపు, ఎర్రగౌను పాప సంతలో తప్పిపోయింది, ఫలానా వారు స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము, అన్నీ ఆ గొంతే. చావు కబురు మాత్రం కూర్చుని చదివేవారు కాదు, లేచి నిలబడేవారు. ఆ చింతిస్తున్నాము దగ్గర గొంతు నిజంగానే తడి అయ్యేది. ఎప్పుడన్నా తలుపు ఓరగా ఉండి అది చెవిన పడితే ఆమెకు కళ్ళు చెమ్మగిల్లేవి, కొంగుతో అద్దుకునేలోగా ఆయన బయటికి వచ్చి పెసరట్టులో అల్లం వేశావా అని సైగ చేసేవారు. సైగే, నోటితో కాదు. గొంతు మీద బతికేవాడు గొంతు పారబోసుకోకూడదని ఆయన సిద్ధాంతం. వర్తకుల ఇంట పుట్టిన మనిషి, తండ్రి కొట్లో పప్పులూ బెల్లమూ తూచినట్టు ఈయన ఇంట్లో మాటలు తూచేవారు. ఆ మాట ఊరి పొలిమేర దాటి కపిలేశ్వరపురం రోడ్డు దాకా వెళ్ళేది, పడకగది గడప మాత్రం తొక్కేది కాదు. వేన్నీళ్ళ గ్లాసు పట్టుకుని ఊఁ అనేవారు, ఊహూఁ అనేవారు. మీ ఊఁలూ ఊహూఁలూ అతికించి నాకూ ఓ అనౌన్స్‌మెంట్ చెయ్యండి అని ఆమె దెప్పేది, ఆయన నవ్వేవారు. ఆ నవ్వుకి కూడా చప్పుడుండేది కాదు. అప్పుడు కోపం వచ్చేది. 

ఫోను మోగింది. స్పీకరు పెట్టి కీబోర్డు పక్కన ఆనించింది.

"దొరికిందా వదినా?"

"లేదు వీరబాబూ. షేరింగ్ అనేదే లేదు. పేజీ అంతా గాలించాను."

"ఉండండి, అన్నయ్య రాస్తున్నాడు." కాగితం చప్పుడు. ఆయన గొంతు ఇప్పుడు ఫోనులో వినబడేంత లేదు, చెవి నోటి దగ్గర పెడితే గాలి చప్పుడులా ఉంటుంది, అది కూడా వాడొద్దన్నారు డాక్టర్లు. "ఈ మధ్య సిస్టమ్‌లో ఏవన్నా మార్చావా అంటున్నాడండి."

సత్యశ్రీకి నిన్నటినుంచీ లోలోపల నలుగుతున్నది అదే. మానిటరు మూల ఎండిన పసుపు, దాని మీద కుంకుమబొట్టు, ఇంకా అలాగే ఉన్నాయి. మామగారి రోజుల్లో విజయదశమికి త్రాసుకీ ఇనప్పెట్టెకీ బొట్టు పెట్టి, ఏ కొత్త పనైనా ఆ రోజే మొదలుపెట్టేవారు. ఈయన వ్యాపారం మార్చారు గానీ ఆచారం మార్చలేదు. ఈ కంప్యూటర్‌లో నడిచేది అందరిళ్ళలో ఉండేది కాదు, లినక్సట, డబ్బు పెట్టి కొనక్కర్లేదు, దొంగతనంగా ఎక్కించుకోనూ అక్కర్లేదు, అందుకే ఆయనకు దాని మీద మక్కువ. దానికి కొత్త వెర్షన్ వస్తే వెంటనే ముట్టుకునేవారు కాదు, దసరా దాకా ఆపి, మానిటరుకి పసుపు రాసి, అగరొత్తి తిప్పి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు అప్‌గ్రేడ్ అన్న బొత్తాం నొక్కేవారు. కొబ్బరినీళ్ళు చిందుతాయని ఆమె గుడ్డ పట్టుకుని నిలబడేది. మొన్న దసరాకి ఆయన విశాఖలో గొంతుకి రేడియేషన్ కరెంటు పెట్టించుకుంటున్నారు. పండగ ఒక్కరోజుకి ఆమె ఇంటికి వచ్చి, దీపం పెట్టి, ఈ గది తలుపు తీస్తే తెర మీద అదే అడుగుతోంది, కొత్తది సిద్ధంగా ఉంది, ఎక్కించమంటారా అని. మనిషి ఆసుపత్రిలో ఉన్న ఏడాదే పని ఆగిపోతే అది మంచి శకునమా? ఈ ఏడు ఆగిందంటే ఇక ఆగిపోయినట్టేనేమో. అందుకని తలస్నానం చేసి, ఆయన చేసినట్టే పసుపు రాసి, కాయ కొట్టి, కళ్ళు మూసుకుని నొక్కింది. అది మధ్యమధ్య ఏవేవో ప్రశ్నలు వేసింది. పనికిరాని పాతవి తీసేయనా అని కూడా అడిగింది. హారతి అద్దుకున్నట్టు అన్నిటికీ ఎస్ కొట్టుకుంటూ పోయింది. అదంతా అయ్యాక పసుపు చేతుల్తోనే మంగళసూత్రాలు కళ్ళకద్దుకుంది.

"పండగ నాడు నేనే నొక్కాను వీరబాబూ," అంది. "కొత్తది ఎక్కించమని అడిగింది. మీ అన్నయ్య చేసేదే కదా అని కాయ కొట్టి నొక్కేశాను. చెప్పు ఆయనకి. కోప్పడితే కోప్పడనీ."

అటువైపు మంచం ఊగిన చప్పుడు వచ్చింది. కోపం వచ్చిందనుకుంది. రానీ, కాగితం మీద నాలుగు తిట్లు రాయనీ, అవైనా దాచుకుంటాను.

"అన్నయ్య నవ్వుతున్నాడు వదినా," అన్నాడు వీరబాబు. "భుజాలు ఊగిపోతున్నాయి. నర్సమ్మ వచ్చి నవ్వకూడదని కేకలేస్తోంది."

అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకు. నిన్నటినుంచీ రానిది, ఆపరేషన్ మాట విన్నప్పుడు కూడా రానిది, ఆ నవ్వు మాట వినగానే వచ్చింది. ముక్కు తుడుచుకుని, ఇప్పుడేం చెయ్యాలో అడుగు అంది. పనికిరానిదని అది తీసిపారేసినవాటిలో రిమోట్ డెస్క్‌టాప్ సామాను కూడా పోయి ఉంటుందట, మళ్ళీ తెప్పించుకోవాలట. టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి ఒక వరస కొట్టాలి. వీరబాబు ధాన్యం కమీషన్ వ్యాపారి, అతనికి కంప్యూటరంటే సినిమా టిక్కెట్లు తీసేది. అన్నగారు రాసినదాన్ని అక్షరమక్షరం కూడబలుక్కుంటూ చదివాడు, సుడో, ఖాళీ వదలండి వదినా, ఆప్ట్, మళ్ళీ ఖాళీ, ఇన్‌స్టాల్, తర్వాత జి ఎన్ ఓ ఎం ఈ, అడ్డగీత, రిమోట్, అడ్డగీత, డెస్క్‌టాప్. ఆమె ఒక్కో మీట వెతుక్కుంటూ కొట్టింది. పెళ్ళిలో పురోహితుడు చెప్పిన మంత్రాలు ఇద్దరూ ఇలాగే అన్నారు, అర్థం తెలియకపోయినా తప్పు పోకూడదన్న భయంతో, ఆయన గొంతు అప్పుడే పందిరంతా మోగింది, ఆడపెళ్ళివారిలో ఎవరో అబ్బాయికి మైకు అక్కర్లేదర్రా అన్నారు. ఆ మోగిన గొంతు విని, రోజూ ఇది వింటూ బతకవచ్చు కదా అనుకుంది తను. ఎంటరు నొక్కితే పాస్‌వర్డు అడిగింది. కొట్టింది. తెర మీద ఏమీ పడలేదు. చుక్కలు కూడా పడలేదు. మళ్ళీ కొట్టింది, ఏమీ లేదు. పూజ నాటి పసుపు మీటల సందుల్లోకి పోయి కీబోర్డు పాడైపోయిందనుకుని కీబోర్డు బోర్లించి దులిపింది, నాలుగు అక్షింతలు రాలాయి.

"అది అంతేనటండి, కొట్టింది కనబడదట," అన్నాడు వీరబాబు. "కనబడకపోయినా లోపల వింటుందట. ఆగకుండా కొట్టి ఎంటర్ నొక్కమంటున్నాడు."

కనబడకుండా కొట్టింది. ఈసారి కదిలింది. తెల్ల అక్షరాలు పరుగులు పెట్టాయి, ఒక శాతం, మూడు శాతం. ఆయనకి ఇంకా ఎంత టైముందని అడిగింది, ఇంకా పిలవలేదు వదినా, చొక్కా మార్పించారు, ఆకుపచ్చది వేశారు, అన్నాడు వీరబాబు. ఆకుపచ్చ ఆయనకు నప్పదు. ఎవరు చూస్తారులే. ఆ చొక్కా వెనకాల ముడి వేస్తారు కదా, వీరబాబు సరిగా వేశాడో లేదో, చలికి ఆయనకు వెంటనే దగ్గొస్తుంది. వేన్నీళ్ళు కూడా ఇవ్వరు ఇవాళ, పొద్దుటినుంచీ కడుపు ఖాళీ. తను ఇక్కడ అన్నం తినలేదని ఆయనకు చెప్పొద్దని వీరబాబుతో అనాలి. ఎనిమిది శాతం. వీధిలో ధాన్యం ట్రాక్టరు వెళ్ళింది, కిటికీ అద్దం గజగజలాడింది. దాని వెనకాల, ఎక్కడో గాంధీబొమ్మ అవతలినుంచి, సన్నగా ఒక గొంతు దగ్గరవుతోంది.

పురప్రజలకు విజ్ఞప్తి. కార్తీకమాసం సందర్భంగా. సత్యశ్రీ చేతులు మీటల మీద ఆగిపోయాయి. మన బట్టల దుకాణంలో పట్టుచీరలపై, అని ఆటో వస్తోంది, డీజిలు చప్పుడు మీద తేలుతూ, నిండుగా, నూనె రాసిన తలుపులాగా ఎక్కడా పట్టేయకుండా, మూడేళ్ళ కిందటి గొంతు. తేదీ ఒక్కటీ మార్చారు, ఆ అతికిన చోటు ఆమెకు తెలుస్తుంది, ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఫలానా తేదీ వరకు అన్న దగ్గర వెనకాల ఎక్కడో కుక్కరు కూత వేస్తుంది. అది ఆమె కుక్కరే. ఆ రోజు కందిపప్పు పెట్టి మరిచిపోయింది, ఆయన బయటికి వచ్చి మళ్ళీ చదవాలని రుసరుసలాడతారనుకుంటే, పోనీలే ఉండనీ అని చెయ్యి ఊపేశారు. మూడేళ్ళనుంచి ఊరంతా పట్టుచీరలతో పాటు ఆమె కుక్కరు కూత కూడా వింటోంది. ఆటో ఇంటి ముందునుంచే వెళ్ళింది. ఫోను స్పీకరులోంచి అటు కూడా వెళ్ళి ఉంటుంది. విశాఖలో ఆకుపచ్చ చొక్కా వేసుకున్న మనిషి మండపేట వీధిలో తిరుగుతున్న తన గొంతు విన్నాడు. గొంతు దూరమై, సందు మలుపు తిరిగి, మునిగిపోయింది. నలభై శాతం అయింది.

ఆ బట్టల కొట్టు యజమాని మొన్న ఆసుపత్రికి బత్తాయిలు పట్టుకొచ్చాడు. మంచివాడే, ఊరడించాలనే వచ్చాడు. ఏం దిగులు పెట్టుకోకండి గున్నేశ్వరరావుగారూ, మీ గొంతు మా దగ్గర భద్రంగా ఉందండి, ఇప్పుడు కంప్యూటరే విని నేర్చేసుకుంటోందట, మీ పాతవి నాలుగిస్తే చాలు, కొత్త మాటలు కూడా మీ గొంతుతో అదే చెప్పేస్తుందట, మీరు ఇంట్లో కాళ్ళు చాపుకుని వినడమే, అన్నాడు. ఆయన చేతులెత్తి నమస్కారం పెట్టారు. అతను వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకున్నారు. బత్తాయి వలిచి ఇస్తే ఊహూఁ అన్నట్టు తల తిప్పారు. నిద్ర అనుకుంది తను. నిద్ర కాదని ఇప్పుడు అనిపిస్తోంది, కానీ అనిపించినదాన్ని ఎటు తోసేయాలో తెలియక తెరవైపు చూసింది.

అయిపోయింది. సెట్టింగ్స్ మూసి మళ్ళీ తెరిచింది. షేరింగ్ లేదు. ఇంత చేసినా లేదు. వదినా వాళ్ళు వచ్చేలా ఉన్నారండి, అన్నాడు వీరబాబు, గొంతు తగ్గించి.  ఉన్న గదిలో వస్తువు దొరకనప్పుడు మా అమ్మ ఏం చేసేది, అక్కర్లేని డబ్బాలన్నీ కూడా మూత తీసి చూసేది. ఒక్కొక్కటే తెరిచింది. సౌండ్, కాదు. పవర్, కాదు. అన్నిటికన్నా కింద సిస్టమ్ అని ఉంది, నిన్నటినుంచీ అది తన జోలి కాదనుకుని దాటేస్తోంది. నొక్కింది. అందులో, భాష, తేదీ, వాటి పక్కన, పేరు మార్చుకోకుండా ఇల్లు మాత్రం మార్చుకుని, రిమోట్ డెస్క్‌టాప్.

"దొరికింది! వీరబాబూ, దొరికింది, సిస్టమ్‌లో దూరి కూర్చుంది!"

మీట జరిపింది. ఇంకో మీట ఉంది, బయటివాళ్ళు చెయ్యి పెట్టడానికి అనుమతి, అదీ జరిపింది. వచ్చేవాళ్ళకి ఒక పాస్‌వర్డు పెట్టమంది. ఆ క్షణంలో ఆమెకు ఇష్టదైవం పేరు కూడా గుర్తు రాలేదు, పెసరట్టు అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, అదే వీరబాబుతో చెప్పింది. బయటినుంచి ఇంటిదాకా దారి ఆయన ఎప్పుడో వేసుకున్నదే, లోపలి తలుపే ఇన్నాళ్ళూ మూసి ఉంది. తెర పైన కుడిమూల నారింజరంగు గుర్తు ఒకటి వెలిగింది. మౌసు మీదనుంచి చెయ్యి తీసేసింది. బాణం గుర్తు తెర మధ్యలో నిలబడి ఉంది. తర్వాత కదిలింది.

ఎవరూ ముట్టుకోకుండా కదిలింది. కొంచెం తడబడి, పక్కకి జారి, నిలదొక్కుకుని. ఆయన చెయ్యే. ఏదైనా నొక్కే ముందు దాని చుట్టూ ఓసారి తిరిగి వచ్చే అలవాటు ఆయనది, వీధి మలుపులో స్కూటరు కూడా అలాగే తిప్పుతారు. ఇన్ని ఊళ్ళు దాటి, తుని వంతెనా అన్నవరం కొండా దాటి, ఆయన చెయ్యి వచ్చి ఈ గదిలో కదులుతోంది. సత్యశ్రీ వేలు ఎత్తి, అద్దం మీద, ఆ బాణం మొన పక్కన ఆనించింది. వెచ్చగా ఉంది. అన్ని తెరలూ వెచ్చగానే ఉంటాయని తెలుసు. ఇప్పుడు చెప్పండి, అనుకుంది. ఎక్కడుందో చూపించండి, నేను సిద్ధంగా ఉన్నాను.

బాణం గొంతు అని పేరున్న ఫోల్డర్ సంచీని తెరిచింది. ఏళ్ళ పేర్లతో సంచీలు, అన్నిటికన్నా చివర ఈ ఏడుది. తెరిచింది. అందులో వేసవినుంచీ ఉన్నవన్నిటికీ ఒకటే పేరు, టెస్ట్, టెస్ట్ రెండు, టెస్ట్ మూడు, అలా కిందిదాకా. అంటే ఆ సాయంత్రాలన్నీ గడియ పెట్టుకుని ఆయన చేసింది ఇది. గొంతు తిరిగి వచ్చిందా లేదా అని చూసుకోవడం. రోజూ పురప్రజలకు అని మొదలుపెట్టి చూసుకోవడం. సత్యశ్రీ అన్న పేరు ఎక్కడా లేదు. దాచిన మాట లేదు, ఎప్పుడూ లేదు, ఆమె అల్లుకున్నది అంతా ఆమె అల్లిందే. బాణం వెనక్కి వచ్చింది. సంచీలన్నీ ఒక్కసారిగా నీలంగా మారాయి, మొదటి ఏడునుంచి చివరి ఏడుదాకా. తెల్ల పెట్టె ఒకటి లేచి నిలబడింది. వీటన్నిటినీ శాశ్వతంగా తీసేయనా? కింద రెండు బొత్తాలు, క్యాన్సిల్, డిలీట్. బాణం డిలీట్ చుట్టూ ఓసారి తిరిగింది.

ఆమె మౌసు పట్టుకుని లాగింది. బాణం పక్కకి దూకింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ డిలీట్ వైపు వచ్చింది. మళ్ళీ లాగింది. తెర మీద ఒకే ఒక్క బాణం, అటు ఆయన, ఇటు తను, ఎప్పుడూ ఒకరి మీద ఒకరు చెయ్యెత్తని మొగుడూ పెళ్ళాలు, అలా గింజుకున్నారు. ఆయన చెయ్యి నీరసంగా ఉంది. అది తెలిసిపోతోంది ఆమెకు, లాగితే వచ్చేస్తోంది. అలా వచ్చేయడమే భరించలేకపోయింది.

"వదినా, వదలమంటున్నాడండి." వీరబాబు కాగితం చూసి చదువుతున్నాడు. "తిరిగొచ్చేసరికి ఇవేవీ ఇంట్లో ఉండకూడదంటున్నాడు. వీధిలో తన గొంతు తిరుగుతుంటే, తను లోపల మూగాడై కూర్చుని వినలేడంట. ఒకరిచేత అతికించి ఆడించుకోలేడంట."

ఆయన గొంతు ఆయనది. ఆ మాట నిజమే. పట్టుచీరల కోసం, మంచినీళ్ళ కోసం, ఎవరెవరి చావుల కోసమో వాడారు, తీసేసుకుంటానంటే అడ్డం పడటానికి నేనెవరిని? అనుకుంటూనే మౌసు వదల్లేదు. 

"మీ అన్నయ్యతో చెప్పు," అంది. "ఊరికి ఇవ్వను. కొట్టువాళ్ళకి ఒక్కటి కూడా ఇవ్వను, దేవుడి మీద ఒట్టు. ఆయన ఇంట్లో ఉండగా పెట్టను. ఆయన బజారుకెళ్ళినప్పుడు నేను ఒక్కదాన్నీ వింటాను. పట్టుచీరలైనా సరే, పశువుల టీకాలైనా సరే. నాకు ఇంకేం చెప్పలేదు కదా ఆయన, అవైనా ఉండనీమను."

వీరబాబు అది చెప్పడం వినిపించింది, పట్టుచీరలు కూడా వదలకుండా. తర్వాత బాణం ఒక్కసారిగా తేలికైపోయింది. అవతల ఎవరూ లాగడం లేదు. ఆమె చెయ్యి తీసేసింది. బాణం కాసేపు ఉన్నచోటే ఉండి, నెమ్మదిగా కదిలి, క్యాన్సిల్ చుట్టూ ఓసారి తిరిగి, నొక్కింది. తెల్ల పెట్టె పోయింది. అంతలోనే పైమూల నారింజ గుర్తు కూడా పోయింది.

"వచ్చేశారు వదినా, ట్రాలీ వచ్చేసింది." ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు, సంచీ జిప్పు, ఎవరో పేరు అడగడం. చక్రాలు గోలగా దొర్లాయి. సత్యశ్రీ ఫోను రెండు చేతుల్తో పట్టుకుని చెవికి నొక్కుకుంది. "నడుస్తున్నాను వదినా, పక్కనే ఉన్నాను. అన్నయ్య ఏదో అంటున్నాడు. నోటితోనే అంటున్నాడండి."

"ఏంటి? ఫోను ఆయన దగ్గర పెట్టు!"

"చేతినిండా సామాన్లండి, ఉండండి... అన్నయ్యా, ఏంటీ? ఏంటన్నావ్?" చక్రాలు. లిఫ్టు గంట. అటెండెంట్లు ఇక్కడే ఆగాలండి అని ఒక ఆడగొంతు. 

"ఏమన్నారు వీరబాబూ?"

"తెలీలేదు వదినా. రెండు మాటలు. ఈ చక్రాల చప్పుడులో... తలుపేసేశారు."

ఊరి నడిబొడ్డున లారీల హారన్ల మీదుగా వినబడిన గొంతు. సత్యశ్రీ ఆయన కుర్చీలో కూర్చుంది, అది కిర్రుమంది.

"అందులో నా పేరేమన్నా ఉందా?"

వీరబాబు ముక్కు ఎగబీల్చాడు.

"ఉందండి వదినా," అన్నాడు.

అది అబద్ధమని ఆమెకు తెలుసు. వీరబాబుకి అబద్ధం ఆడటం ఎప్పుడూ చేతకాదు.

"మళ్ళీ చెప్పు," అంది.